ఒకే కణం, రెండు చావులు: ల్యాబు డైరీ

మార్చి

ప్రాజెక్టు ఏమిటో ముందే రాసి పెట్టుకుంటున్నాను. ఒకే రకం కణాన్ని రెండు పద్ధతుల్లో చంపాలి. ఆ రెండు చావులూ వేరువేరని మా దగ్గరున్న సామాన్లతోనే చూపించాలి. కణాలని ఒక్కొక్కటిగా లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్ మాకు లేదు. ప్లేట్ రీడరు, ఒక పాత ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు, జెల్ ట్యాంకులు ఉన్నాయి. గ్రాంటు డబ్బు కొంచెం ఉంది, అది కూడా కణాలకి మేతగా పోసే సీరం కొంటే సగం అయిపోయేంత.

మొదటి చావు అపాప్టోసిస్. 1972లో కెర్, వైలీ, కరీ దానికి పేరు పెట్టినప్పటి నుంచి పాఠ్యపుస్తకాల్లో దానిదే పెత్తనం. కణం ముడుచుకుంటుంది, తన డీఎన్ఏని తానే తెగ్గోసుకుంటుంది, లోపలున్న సరుకంతా ఒలికిపోకుండా పొరలో పొట్లాలు కట్టినట్టు కట్టేసుకుంటుంది. ఇరుగుపొరుగు కణాలు వచ్చి మింగేస్తాయి. వాపు రాదు, జ్వరం రాదు, ఒంటికి కబురే తెలియదు. మన ఒంట్లో రోజూ కోట్లాది కణాలు ఇలాగే పోతుంటాయి. 2002లో నోబెల్ వచ్చిన ఆ చిన్న నులిపురుగులో అయితే లెక్క కూడా తేలింది: పెరిగే క్రమంలో పుట్టే 1090 కణాల్లో 131 చావడానికే పుడతాయి.

రెండోది పైరోప్టోసిస్. లోపలికి సూక్ష్మజీవి చొరబడిందని కణం కనిపెట్టిందంటే కాస్పేజ్-1 అనే ఎంజైము లేస్తుంది. అది గాస్డెర్మిన్-డి అనే ప్రొటీన్‌ని రెండు ముక్కలు చేస్తుంది. అందులో ఒక ముక్క పొరలోకి చేరి రంధ్రాలు వేస్తుంది. కణం ఉబ్బి, చిరిగి, సరుకంతా బయట పోసేస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే, వాపు కబురు మోసే ప్రొటీన్ కూడా ఆ రంధ్రాల్లోంచే బయటపడి చుట్టుపక్కల గోల చేస్తుంది. జ్వరం వచ్చే దారుల్లో ఇదొకటి. గాస్డెర్మిన్ సంగతి తేలింది 2015లోనే. బీజింగ్‌లో ఫెంగ్ షావో బృందం, అమెరికాలో విశ్వ దీక్షిత్ బృందం ఒకే సంవత్సరం చెప్పాయి. అంటే నేను ఇంటర్ చదివిన పుస్తకంలో ఈ ప్రొటీన్ పేరే లేదు.

ఈ తేడా ఎవరికి కావాలంటే, క్షయ మీద పనిచేసేవాళ్ళకీ కావాలి, క్యాన్సర్ మీద పనిచేసేవాళ్ళకీ కావాలి. క్షయ సూక్ష్మజీవిలో బలమైన రకం హెచ్37ఆర్‌వీ తను దాక్కున్న మాక్రోఫేజ్‌ని, అంటే సూక్ష్మజీవుల్ని మింగే మన రక్షణ కణాన్ని, పద్ధతిగా చావనివ్వదు. అపాప్టోసిస్‌ని అణిచిపెట్టి, పొర పగిలే చావు వైపు తోస్తుంది. పొర పగిలితే దానికి బయటపడే దారి దొరుకుతుంది. దాని తోబుట్టువే అయిన బలహీనమైన రకం హెచ్37ఆర్‌ఏ సోకితే అపాప్టోసిస్ ఎక్కువ. క్యాన్సర్ కణం సంగతి వేరు. అది చావకుండా ఉండే దారులు వెతుకుతుంది. బీసీఎల్-2 అనే జన్యువు కణాన్ని పెంచదు, చావనివ్వదు అంతే అని 1988లో ఆస్ట్రేలియాలో తేల్చారు. ఆ ప్రొటీన్‌ని పట్టుకునే వెనెటోక్లాక్స్ మాత్రకి అమెరికాలో అనుమతి 2016లో వచ్చింది. మధ్యలో ఎంత కాలం పట్టిందో చూసుకుంటే మా గ్రాంటు కాలపరిమితి చూసి నవ్వొస్తుంది.

కణం ఎంపికలో పెద్ద చర్చ జరగలేదు. టీహెచ్‌పీ-1. 1980లో జపాన్‌లో ల్యుకీమియా (రక్త క్యాన్సర్) వచ్చిన ఒక ఏడాది బాబు రక్తం నుంచి తీసిన వరస అది. పుట్టుకతో క్యాన్సర్ కణం. మందు పెట్టి మారిస్తే మాక్రోఫేజ్‌లా తయారై, సూక్ష్మజీవుల పరిశోధనకి పనికొస్తుంది. రెండు పక్షాలకీ చుట్టమే. పైగా దెబ్బతిన్న కణాన్ని చావు వైపు నడిపే పీ53 అనే ప్రొటీన్ దీనిలో పనిచేయదు కాబట్టి ఏ దారిన చంపాలో జాగ్రత్తగా ఎంచుకోవాలి.

ఏప్రిల్

పుణెలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్ నుంచి కణాలు వచ్చాయి. థర్మకోల్ పెట్టెలో, మూతిదాకా మీడియా, అంటే కణాలు పెరిగే పోషక ద్రవం, పోసిన ఫ్లాస్కులో. కొరియర్ వాళ్ళు ఎక్కడో ఒక పూట ఆపారు. ఏప్రిల్ ఎండలో వైజాగ్‌లో ఒక పూట అంటే మామూలు విషయం కాదు. ఫ్లాస్కు చేతికొచ్చేదాకా టెన్షనే. తీరా మైక్రోస్కోపు కింద పెడితే గుండ్రంగా, మెరుస్తూ తేలుతున్నాయి. చచ్చిన కణాలకే ఎక్కే ట్రిపాన్ బ్లూ రంగు వేస్తే నీలం ఎక్కినవి తక్కువే.

ఇంక్యుబేటర్ 37 డిగ్రీలు, కార్బన్ డయాక్సైడ్ 5 శాతం. సిలిండరు గాజువాక వైపు నుంచి వస్తుంది. ఖాళీ అయ్యాక ఫోన్ చేస్తే కుదరదు, ముందే చెప్పి పెట్టుకోవాలి. మీడియాలో చిటికెడు బీటా మెర్కాప్టోఇథనాల్ కలపాలి. ఆ వాసన గురించి రాయను, సీసా మూత తీసిన రోజు కారిడార్ చివర నుంచి కూడా జనం వచ్చి అడుగుతారు.

మా ల్యాబు అటెండరు బాబాయ్‌ది భీమిలి పక్క ఊరు. రోజూ ఫ్లాస్కులు చూస్తూ ఉంటాడు. "ఏటమ్మా, పాలు పోసి పెంచినట్టు పెంచుతన్నావు, తీరా ఇయి సంపడానికేనేటి?" అన్నాడు. అవును బాబాయ్ అన్నాను. "మరైతే ఎండలో ఎట్టెయ్, అయే పోతాయి" అన్నాడు. ఎండలో పెడితే నిజంగానే పోతాయి. అది నెక్రోసిస్. దానికి కణం లోపల ఆర్డరు వేసేవాళ్ళెవరూ ఉండరు, ప్రోగ్రాము ఉండదు. ఇదే మాట బాబాయ్‌కి చెప్పాను. "ఓహో, యాక్సిడెంటన్న మాట" అని సరిగ్గా పట్టుకున్నాడు.

ఈ కణాలు నెమ్మది. సుమారు రెండు రోజులకి గానీ రెట్టింపు కావు. మందంగా పెంచితే వాటంతట అవే అలుగుతాయి, పలచన చేస్తే పెరగడం మానేస్తాయి. నెలంతా స్టాకు వయల్స్ చేసి దాచడానికే సరిపోయింది. ల్యాబు నడిపే మేడమ్ పద్ధతి ప్రకారం సగం మా ద్రవ నైట్రోజన్ ట్యాంకులో, సగం వేరే బిల్డింగులో ట్యాంకులో. 2014 అక్టోబరు హుద్‌హుద్ చూసినవాళ్ళెవరూ అన్ని వయల్స్ ఒకే చోట పెట్టరు.

మే

మాక్రోఫేజ్‌గా మార్చడానికి పీఎంఏ వాడతాం. దీని మూలం నేపాళం గింజల నూనె. మన పల్లెల్లో విరేచనాలకి వాడి ప్రాణం మీదికి తెచ్చుకున్న కథలు వినే ఉంటారు. నూనెలోని ఆ రసాయనం ప్రొటీన్ కైనేజ్-సి అనే ఎంజైముని తట్టి లేపుతుంది. ఎలుకల చర్మం మీద రాస్తే క్యాన్సర్ గడ్డలు త్వరగా లేచేలా చేస్తుందని పేరు. అలాంటిదే తేలే టీహెచ్‌పీ-1 కణాన్ని కిందకి దింపి, అడుగుకి అతికించి, విభజన మాన్పించి, మాక్రోఫేజ్ వేషం వేయిస్తుంది. ఒక క్యాన్సర్ కణం విభజన మానేసిందంటే క్యాన్సర్ వాళ్ళకి పండగ. మాకది రోజువారీ పని, గ్లవ్స్ రెండు జతలు వేసుకుని చేయాల్సిన పని.

చంపే మందులు రెండు. అపాప్టోసిస్‌కి స్టారోస్పోరిన్. 1977లో జపాన్‌లో సతోషి ఓమురా బృందం మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసింది. ఐవర్‌మెక్టిన్ పనికి 2015లో నోబెల్ తీసుకున్న ఓమురాయే. తమాషా ఏమిటంటే ఇది అదే ప్రొటీన్ కైనేజ్-సిని ఆపుతుంది. ఒక మందుతో తట్టి లేపి, ఇంకో మందుతో నోరు నొక్కుతున్నాం. దీనికి పీ53తో పని లేదు కాబట్టి మా కణానికి సరిపోతుంది.

పైరోప్టోసిస్‌కి రెండు మెట్లు. ముందు ఎల్‌పీఎస్, అంటే ఈ.కోలై పైపొరలోని కొవ్వు-చక్కెర ముక్క. అది కణాన్ని 'సిద్ధం' చేస్తుంది. తర్వాత నైజెరిసిన్. ఇది పొటాషియంని కణంలోంచి బయటకి తోడేస్తుంది. లోపల పొటాషియం పడిపోగానే ఎన్ఎల్ఆర్‌పీ3 అనే కావలి ప్రొటీన్ గుంపు కడుతుంది, కాస్పేజ్-1 లేస్తుంది, గాస్డెర్మిన్ తెగుతుంది.

క్షయ క్రిమినే ఎందుకు వాడరని అడిగేవాళ్ళున్నారు. దాన్ని ప్రాణాలతో పెంచాలంటే బయోసేఫ్టీ మూడో స్థాయి ల్యాబు కావాలి. లోపలి గాలి బయటకి పోనివ్వని ఋణ పీడనం, ప్రత్యేకమైన వెంటిలేషన్, ఆ తతంగమంతా వేరు. మాది రెండో స్థాయి. పెద వాల్తేరు ఛాతీ ఆసుపత్రి ముందు నుంచే రోజూ బస్సులో వస్తాను. మాస్కులు కట్టుకుని క్యూలో నిలబడినవాళ్ళని చూస్తాను. వాళ్ళ ఊపిరితిత్తుల్లో జరిగేదానికీ నా ప్లేట్‌లో జరిగేదానికీ మధ్య చాలా దూరం ఉంది, అది నాకు తెలుసు. క్షయ క్రిమికి ఎల్‌పీఎస్ ఉండదు కూడా. నా ప్లేట్ చెప్పేది చావుల తేడా గురించే, క్షయ గురించి కాదు. రిపోర్టులో ఈ వాక్యం మొదటి పేజీలోనే పెట్టమని మేడమ్ చెప్పారు.

మే చివర

చిక్కు వచ్చింది. ఎల్‌పీఎస్ పెట్టి నైజెరిసిన్ పెట్టిన వెల్స్‌లో (ప్లేట్‌లోని చిన్న గుంటలు) కణాలు పగిలాయి, బాగానే ఉంది. ఎల్‌పీఎస్ పెట్టని వెల్స్‌లో కూడా ఒక్క నైజెరిసిన్‌కే దాదాపు అంతే పగిలాయి. మొదటి మెట్టు ఎక్కకుండా రెండో మెట్టు మీదికి ఎలా దూకాయి?

పగలడాన్ని కొలిచేది ఎల్‌డీహెచ్‌తో. ఇది ప్రతి కణంలోనూ ఉండే ఎంజైము, ఒళ్ళు పెద్దది, పొర చిరిగితేనే బయటపడుతుంది. పైన ఉన్న మీడియా కొంచెం తీసి రియేజెంట్ కలిపితే ఎర్రగా మారుతుంది, 490 నానోమీటర్ల దగ్గర చదువుతాం. ఏమీ పెట్టని వెల్‌ని సున్నాగా, డిటర్జెంట్ పోసి మొత్తం పగలగొట్టిన వెల్‌ని నూరుగా తీసుకుని మిగతావి ఆ మధ్యలో లెక్కగడతాం. సీరంలో కూడా సహజంగా ఎల్‌డీహెచ్ ఉంటుంది కాబట్టి ఈ దశలో సీరం బాగా తగ్గించిన మీడియానే వాడుతున్నాం. అంటే ఆ నేరం సీరం మీద వేయలేం.

అనుమానితులు ఇద్దరు. ఒకటి మైకోప్లాస్మా. దీనికి కణకవచం ఉండదు, పెన్సిలిన్ దీన్నేమీ చేయలేదు, మీడియా మబ్బుగా మారదు, మామూలు మైక్రోస్కోపులో కనపడదు. ఫ్లాస్కులో కాపురం పెట్టి నెలల తరబడి ఉంటుంది. దాని లైపోప్రొటీన్లని మాక్రోఫేజ్ గుర్తుపట్టి, ఎల్‌పీఎస్ లేకుండానే 'సిద్ధం' అయిపోతుంది. రెండోది పీఎంఏ. నేపాళం మందు కూడా కణాన్ని కొంత సిద్ధం చేసేస్తుంది.

మైకోప్లాస్మా డీఎన్ఏ జాడ పట్టే పీసీఆర్ పరీక్ష పెట్టాం. జెల్ నడిచినంతసేపూ ల్యాబులో ఎవరూ మాట్లాడలేదు. మైకోప్లాస్మా తేలితే మా ఒక్కరి ఫ్లాస్కులే కాదు, ఆ ఇంక్యుబేటర్ వాడే అందరివీ ఆవిరితో చంపే ఆటోక్లేవ్‌కి పోవాలి. పారేయడానికి వీల్లేని అరుదైన కణాలైతే టెట్రాసైక్లిన్ జాతి మందులతో కొన్ని వారాలు కడగాలి. ఆ మాట వచ్చినప్పుడు మా సీనియర్ అన్న ఎల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి ఎత్తాడు. భీమవరంలో పుట్టిన మనిషి. ఆయన నడిపిన, అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీ పరిశోధన విభాగం నుంచే 1948లో మొదటి టెట్రాసైక్లిన్ ఆరియోమైసిన్ వచ్చింది. అదే విభాగంలో తయారైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పిల్లల ల్యుకీమియాని మొదటిసారి తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గించింది కూడా 1948లోనే. సూక్ష్మజీవికీ క్యాన్సర్‌కీ మందు ఒకే గడప నుంచి. అమినోప్టెరిన్ డీఎన్ఏ తయారీని ఆపితే ల్యుకీమియా కణాలు ఎందుకు అలా రాలిపోయాయో చెప్పే 'అపాప్టోసిస్' అన్న మాట అప్పటికి ఇంకా పుట్టలేదు. అది పుట్టడానికి మరో 24 ఏళ్ళు పట్టింది.

జెల్‌లో పాజిటివ్ కంట్రోల్ తప్ప ఏ బ్యాండూ లేదు. మైకోప్లాస్మా కాదు. ఆ సాయంత్రం జగదాంబ దగ్గర అందరికీ అన్న టీ ఇప్పించాడు.

జూన్

ఇక మిగిలింది పీఎంఏ. డోసు బాగా తగ్గించాం. పీఎంఏ తీసేశాక వెంటనే వాడకుండా, మామూలు మీడియాలో కణాలకి విశ్రాంతి ఇచ్చాం. ఒక బ్యాచికి ఒక రోజు, ఇంకో బ్యాచికి అంతకంటే ఎక్కువ. విశ్రాంతి పెరిగిన కొద్దీ ఒక్క నైజెరిసిన్‌కి పగిలేవి తగ్గుతూ వచ్చాయి. ఎల్‌పీఎస్ ముందు పెట్టినవి మాత్రం ఎప్పటిలాగే పగిలాయి. పూర్తిగా సున్నాకి రాలేదు, రాదు కూడా అనుకుంటున్నాను, కానీ రెండు మెట్లూ విడివిడిగా కనిపించేంత తేడా వచ్చింది.

ఈ విశ్రాంతి సంగతి చాలా ప్రోటోకాల్స్‌లో ఒక్క వాక్యంలో ఉంటుంది. కొన్నిట్లో అసలుండదు. నా ఉద్దేశంలో అది మెథడ్స్‌లో బోల్డ్ అక్షరాల్లో ఉండాల్సిన విషయం. ఎవరి మాక్రోఫేజ్ ఎంత 'సిద్ధం'గా ఉందో తెలియకుండా రెండు ల్యాబుల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు.

జూలై

ఈ నెలే అసలు నెల. కాలం వెంట కొలిచాం: గంట, రెండు, నాలుగు, ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు. ప్రతి సమయానికీ రెండు ప్లేట్లు. ఒకదాంట్లో ఎల్‌డీహెచ్, రెండోదాంట్లో రంగులు. రంగులు రెండు. హోక్స్ట్ నీలం ఏ కణంలోకైనా పోయి కేంద్రకాన్ని చూపిస్తుంది. ప్రొపిడియం అయోడైడ్ ఎరుపు పొరకి కన్నం పడిన కణంలోకే పోతుంది.

నైజెరిసిన్ వెల్స్‌లో కథ చాలా తొందరగా అయిపోతుంది. గంట తిరిగేసరికి కణాలు ఉబ్బుతాయి. అంచులు పలచబడి పెద్ద బుడగలా సాగుతాయి. ఎరుపు లోపలికి పోతుంది. కేంద్రకం మాత్రం ముక్కలు కాదు, చిన్నదై, గుండ్రంగా, ఒంటరిగా మిగులుతుంది. రెండు గంటలకి ఎల్‌డీహెచ్ బాగా పెరిగిపోతుంది. ఆ తర్వాత కొలిచినా పెద్దగా మారదు, చెప్పాల్సింది అప్పటికే చెప్పేసింది.

స్టారోస్పోరిన్ వెల్స్‌లో రెండు గంటలకి కణాలు కాళ్ళు ముడుచుకుంటాయి. నాలుగు గంటలకి పైపొర కుతకుతలాడుతున్నట్టు కనిపిస్తుంది. ఆరు గంటలకి నీలం రంగులో కేంద్రకం రెండు, మూడు, ఐదు ముక్కలై మెరుస్తుంటుంది. అయినా ఎరుపు లోపలికి పోదు, ఎల్‌డీహెచ్ దాదాపు అడుగునే. కేంద్రకం చెక్కలై పడి ఉంది, పొర మాత్రం చెక్కుచెదరలేదు. ఎన్ని ఫొటోలు చూసినా, కళ్ళతో మొదటిసారి చూసినప్పుడు నాకు అసలు నమ్మబుద్ధి కాలేదు. మేడమ్‌ని పిలిచి చూపించాను. ఆవిడ ఐపీస్‌లో చూస్తూనే "ఇరవై నాలుగు గంటలది కూడా చూడు, అప్పుడు సంతోషించు" అన్నారు.

ఇరవై నాలుగు గంటలకి ఎరుపు నిండా ఎక్కింది. ఎల్‌డీహెచ్ నైజెరిసిన్ వెల్స్‌తో పోటీ పడుతోంది. ఎల్‌డీహెచ్ ఒక్కటే చూసేవాళ్ళకి ఆ రెండు వెల్స్ ఒకటే. మర్నాడు పొద్దున తీరిగ్గా వచ్చి ప్లేట్ చదివే అలవాటున్న ల్యాబులో ఈ రెండు చావులకీ తేడా ఎప్పటికీ కనపడదు. ఎంత శాతం చచ్చాయన్న అంకె నాకు ఇప్పుడు సగం సమాచారమే అనిపిస్తుంది. ఏ గంటకి, ఏం బయట పోసి చచ్చాయన్నది పక్కన రాయకపోతే ఆ అంకె వాపు గురించి గానీ, మందు గురించి గానీ ఏమీ చెప్పదు.

ఆ పన్నెండు, ఇరవై నాలుగు గంటల మధ్య ఏం జరిగిందనేదానికి రెండు సమాధానాలున్నాయి. ఒంట్లో అయితే పొట్లాలని మింగేవాళ్ళుంటారు. ప్లేట్‌లో ఎవరూ లేరు. ఉన్న మింగేవాళ్ళనే మనం చంపుతున్నాం. పొట్లాలు పడి ఉండి ఉండి చివరికి పగులుతాయి. దీన్ని సెకండరీ నెక్రోసిస్ అంటారు. రెండో సమాధానం గాస్డెర్మిన్-ఈ. అపాప్టోసిస్ చేయించే కాస్పేజ్-3యే దీన్ని కోయగలదని 2017లో తేలింది. ఈ ప్రొటీన్ బాగా ఉన్న కణంలో కీమో మందు అపాప్టోసిస్‌గా మొదలుపెట్టినా చావు పైరోప్టోసిస్‌గా మారిపోతుంది. చాలా క్యాన్సర్లు ఈ జన్యువుని మూసేసుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న కణజాలాల్లో అది తెరిచే ఉంటుంది, కీమోలో రోగి పడే బాధల్లో కొంత దీనివల్లేనని ఎలుకల్లో చూపించారు. అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో మా పిన్నికి కీమో జరిగినప్పుడు నోరంతా పూసి, గుటక వేయలేకపోయేది. అప్పట్లో నాకు ఈ పేపరు తెలియదు. తెలిసినా పిన్నికి ఒరిగేదేమీ లేదనుకోండి.

జూలై, ఇంకో మాట

వానలు పట్టాయి. మైక్రోస్కోపు లెన్సు మీద బూజు. సముద్రం పక్క ఊళ్ళో ఇది ప్రతి ఏడూ తప్పదు. సిలికా జెల్ సంచులు మార్చాం, ఏసీ రాత్రి కూడా నడుస్తోంది. కరెంటు పోతే ఇంక్యుబేటర్ యూపీఎస్ మీద ఉంటుంది, ఏసీ ఉండదు.

ఆగస్టు

పొటాషియం ప్రయోగం. కావలి ప్రొటీన్ ఎన్ఎల్ఆర్‌పీ3ని ఆపే ఎంసీసీ950 అనే రసాయనం ఉంది. దాని ధర, అది వచ్చేందుకు పట్టే కాలం చూసి మేడమ్ కొటేషన్ కాగితం తిప్పి పెట్టేశారు. "పొటాషియం బయటకి పోతేనే కదా గొడవ? బయట కూడా పొటాషియమే నింపు, ఎక్కడికి పోతుందో చూద్దాం" అన్నారు.

కణం లోపల పొటాషియం సుమారు 140 మిల్లీమోలార్, బయట 5. నీళ్ళు వాలు వైపు పోయినట్టు పొటాషియం బయటకి పోతుంది. రెండు బఫర్లు చేశాను. ఒకటి మామూలుది, సోడియం ఎక్కువ, పొటాషియం తక్కువ. రెండోదాంట్లో రెండూ తారుమారు. మొత్తం ఉప్పు మాత్రం రెండింట్లోనూ సమానం. ఇది ముఖ్యం. ఉన్న మీడియాలో అదనంగా పొటాషియం క్లోరైడ్ గుమ్మరిస్తే కణం నీరు కోల్పోయి ముడుచుకుంటుంది, ఆపింది పొటాషియమా ఉప్పదనమా అన్న సందేహం ఎప్పటికీ తీరదు. నైజెరిసిన్ దశ గంటా రెండు గంటలదే కాబట్టి ఆ కాసేపు కణాలు ఒట్టి బఫర్‌లో బతికేస్తాయి.

పనిచేసింది. పొటాషియం బఫర్‌లో నైజెరిసిన్ పెట్టినా ఎల్‌డీహెచ్ లేవలేదు. కణాలు అలాగే చదునుగా అతుక్కుని ఉన్నాయి. స్టోర్ రూమ్‌లో కిలో డబ్బాల్లో పడుండే ఉప్పు చేసిన పని ఇది.

ఇక్కడితో ఆపితే అందంగా ఉండేది. కానీ కంట్రోల్‌గా స్టారోస్పోరిన్ కూడా అదే బఫర్‌లో పెట్టాం. దాన్ని పొటాషియం ఏమీ చేయకూడదని మా అంచనా. చేసింది. ముక్కలైన కేంద్రకాలు మామూలు బఫర్‌లో కంటే స్పష్టంగా తక్కువ. పాత పేపర్లు తీస్తే కారణం దొరికింది. అపాప్టోసిస్‌లో కణం ముడుచుకోవాలన్నా పొటాషియం బయటకి పోవాల్సిందే, లోపల పొటాషియం నిండుగా ఉంటే కాస్పేజ్‌లు సరిగా లేవవు. 1990లలోనే చెప్పారు. అంటే ఉప్పు కత్తి రెండు వైపులా కోస్తుంది, ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ. దీన్ని 'పైరోప్టోసిస్‌ని మాత్రమే ఆపే పద్ధతి' అని రాయలేం. మేడమ్ ఆ శీర్షికని కొట్టేశారు. నాకు మాత్రం ఈ అడ్డం తిరిగిన కంట్రోలే ఆ నెలలో అన్నిటికంటే నచ్చిన ఫలితం.

తర్వాత గ్లైసిన్. వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లని జెల్‌లో విడదీసి గుర్తుపట్టే పరీక్ష) బఫర్‌లో వాడే మామూలు అమైనో ఆమ్లం. ఇది కణాలు పగలకుండా కాపాడుతుందని 1980ల నుంచే తెలుసు, ఎలాగో తెలియదు. 2021లో నింజ్1 అనే పొర ప్రొటీన్ బయటపడింది. గాస్డెర్మిన్ వేసేది రంధ్రాలు మాత్రమే, పొరని నిజంగా చించేది నింజ్1 అని దీక్షిత్ బృందమే చూపించింది. మరుసటి ఏడాది గ్లైసిన్ ఆపేది ఈ నింజ్1 గుంపు కట్టడాన్నే అని ఇంకొకరు చూపించారు. మేం 5 మిల్లీమోలార్ కలిపాం. నైజెరిసిన్ వెల్స్‌లో ఎరుపు రంగు యథాప్రకారం లోపలికి పోయింది, అంటే రంధ్రాలు పడ్డాయి. ఎల్‌డీహెచ్ మాత్రం బయటకి రాలేదు. రంధ్రం పడిన కణం, చిరగని కణం. రంధ్రం వేరు, చిరుగు వేరు అని రెండు రంగుల ఫొటో, ఒక ఎల్‌డీహెచ్ అంకె కలిసి చెబుతున్నాయి.

స్టారోస్పోరిన్ వెల్స్‌లో ఇరవై నాలుగు గంటల ఎల్‌డీహెచ్‌ని కూడా గ్లైసిన్ తగ్గించింది. సెకండరీ నెక్రోసిస్‌లో కూడా చివర్లో చించేది నింజ్1యే కాబట్టి అది అలాగే ఉండాలి. అయితే జూలైలో రాసుకున్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. గాస్డెర్మిన్-ఈ నా, మింగేవాళ్ళు లేకపోవడమా?

సెప్టెంబరు

మింగేవాళ్ళని పెట్టి చూశాం. తేలే టీహెచ్‌పీ-1 కణాలకి స్టారోస్పోరిన్ ఇచ్చి, నాలుగు గంటలకి మందు బాగా కడిగేసి, ఆరోగ్యంగా ఉన్న టీహెచ్‌పీ-1 మాక్రోఫేజ్‌ల మీద పోశాం. తినేదీ తినబడేదీ ఒకే వంశం. చావబోయే వాటికి ముందే ఒక రంగు అద్దాం. మర్నాటికి చాలా మాక్రోఫేజ్‌ల కడుపులో రంగు చుక్కలు. మింగేవాళ్ళు లేని వెల్స్‌తో పోలిస్తే ఎల్‌డీహెచ్ తక్కువ. కానీ మాక్రోఫేజ్‌ల సొంత ఎల్‌డీహెచ్ కూడా కలుస్తుంది కాబట్టి తీసివేతల లెక్క జాగ్రత్తగా చేయాలి. కడిగినా మిగిలే కాస్త స్టారోస్పోరిన్ మాక్రోఫేజ్‌లని కూడా చంపుతుందేమోనని వేరే కంట్రోల్ పెట్టాం, అవి బాగానే ఉన్నాయి.

కొన్ని పొట్లాలు మింగబడకుండానే పగిలాయి. ఎన్ని పోస్తే ఎన్ని మింగగలవు అన్నది పూర్తిగా వేరే ప్రాజెక్టు. కీమో ఇచ్చిన మొదటి రోజుల్లో గడ్డలో కణాలన్నీ ఒక్కసారి రాలితే మింగేవాళ్ళు చాలతారా అని మా అన్న అడిగాడు. మంచి ప్రశ్న, నా ప్లేట్‌కి అందే ప్రశ్న కాదు.

అక్టోబరు

గాస్డెర్మిన్‌ని కళ్ళతో చూడాల్సిందే. ఆ ప్రొటీన్‌ని పట్టి చూపించే యాంటీబాడీకి డబ్బు దొరికింది, ఒక్కదానికే. గాస్డెర్మిన్-డి ది కొనాలా, గాస్డెర్మిన్-ఈ ది కొనాలా అని వారం రోజులు కొట్టుకున్నాం. నా వాదన గాస్డెర్మిన్-ఈ వైపు. నైజెరిసిన్‌తో డి తెగుతుందని ప్రపంచమంతా చూపించింది, మనం చూపించి కొత్తగా చెప్పేదేముంది? మేడమ్ వాదన డి వైపు. తెలిసిన బ్యాండ్ మన చేతుల్లో రాకపోతే తెలియని బ్యాండ్‌ని ఎవరు నమ్ముతారు? చివరికి పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ళ ఫ్రీజర్‌లో డి యాంటీబాడీ కొంచెం మిగిలి ఉందని తెలిసింది. గాస్డెర్మిన్-ఈ ది కొన్నాం.

నమూనాలు గంట, రెండు, ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు. పగిలిన కణాల్లో ప్రొటీన్ మీడియాలోకి పోతుంది కాబట్టి అడుగున ఉన్నదే కాకుండా పైనున్న మీడియాని కూడా అవక్షేపించి నడుపుతున్నాం. డి పూర్తి ప్రొటీన్ 53 కిలోడాల్టన్ల దగ్గర, తెగిన ముక్క 30 చుట్టుపక్కల రావాలి. తుపాను హెచ్చరిక ఉంది, పోర్టులో జెండా ఎగరేశారట. అందుకని ప్రొటీన్లని జెల్ నుంచి మెంబ్రేన్ మీదికి దింపే ట్రాన్స్‌ఫర్‌ని రాత్రంతా చల్లగదిలో నెమ్మదిగా చేయడం మానేసి, పగటిపూట జనరేటర్ ఉన్న వేళలో గంటలో ముగిసే పద్ధతికి మారాం. మొదటి జెల్‌లో డి, నైజెరిసిన్ నమూనాలు. అది వస్తేనే రెండో జెల్‌లో గాస్డెర్మిన్-ఈ, స్టారోస్పోరిన్ నమూనాలు. అన్ని వరసల్లో ప్రొటీన్ సమానంగా పోశామని చూపించే లోడింగ్ కంట్రోల్‌కి బీటా యాక్టిన్ అనే ప్రొటీన్ పెడదామన్నాను. కాస్పేజ్-3 యాక్టిన్‌ని కూడా కోస్తుందని రిపోర్టులున్నాయి, మెంబ్రేన్ మొత్తానికి, ప్రొటీన్లన్నిటికీ ఎక్కే పోన్సో రంగు వేసి ఫొటో కూడా తీసి పెట్టుకోమన్నారు మేడమ్. జెల్స్ పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. ఎనిమిది గంటలకి రన్.